భారీ ఎలక్ట్రాన్‌కి ఫొటో తీశారంటే నమ్మాలా?

#1 వెన్నెల్లో_పుస్తకం

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్ ఇవ్వాలి. టాపిక్ హెవీ ఫెర్మియాన్లు, అంటే భారీ ఎలక్ట్రాన్ల పదార్థాలు. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది గానీ తగ్గడం లేదు.

"ఈ లోహాల్లో ఎలక్ట్రాన్ మామూలు కంటే వందల రెట్లు బరువు" అని పుస్తకంలో ఒక్క వాక్యంతో తేల్చేశారు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి స్థిరాంకం అని ఇంటర్‌లోనే బట్టీ పట్టాం కదా, అది ఎలా పెరుగుతుంది? సరే, పెరిగిందే అనుకుందాం. టన్నెలింగ్ మైక్రోస్కోప్‌తో దాన్ని పరమాణువు స్థాయిలో "చూశాం" అంటున్నారు. బరువు కంటికి కనబడే సంగతా? ఆ నీలం, ఎరుపు బొమ్మల్లో ఉన్న చుక్కలు పరమాణువులా, ఎలక్ట్రాన్లా, ఇంకేమైనానా?

ఫార్ములాలు వద్దనను. కానీ ముందు విషయం బుర్రకెక్కాలి.

#2 సీరియం_58

మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

ఎలక్ట్రాన్ ఏమీ లావెక్కదండీ. ఒంటరిగా వదిలితే దాని ద్రవ్యరాశి ఎప్పుడూ అంతే. మారేది లోహంలో అది కదిలే తీరు. నడుము లోతు నీళ్లలో నడిచేవాణ్ణి ఒడ్డు మీంచి చూడండి, అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఎంత కష్టపడతాడో. వాడి బరువు పెరగలేదు, నీళ్లని కూడా తోసుకుంటూ పోతున్నాడు. లోహంలో ఎలక్ట్రాన్‌ని ఎంత తోస్తే ఎంత కదిలిందో చూసి, ఇలా కదలాలంటే ఇంత బరువు ఉండాలి అని వెనక్కి లెక్క కడతాం. దాన్నే ప్రభావ ద్రవ్యరాశి అంటారు.

ఇక్కడ నీళ్ల పాత్ర ఎఫ్ ఎలక్ట్రాన్లది. సీరియం, యిటెర్బియం, యురేనియం లాంటి మూలకాల్లో 4ఎఫ్, 5ఎఫ్ కక్ష్యలు పరమాణువు లోపలికి ముడుచుకుని ఉంటాయి. వాటిలోని ఎలక్ట్రాన్ పక్క పరమాణువు గడప తొక్కదు. ఉన్నచోటే చిన్న అయస్కాంతంలా కూర్చుంటుంది. వేడిగా ఉన్నంతసేపు ఆ అయస్కాంతం గోల దానిది, కరెంటు మోసే ఎలక్ట్రాన్ల పరుగు వాటిది. చల్లబరిచేకొద్దీ ఆ పరుగెత్తేవి దీని స్పిన్‌ని, అంటే ఆ చిన్న అయస్కాంతాన్ని, చుట్టుముట్టి కప్పేయడం మొదలుపెడతాయి. అయస్కాంత పరమాణువు ఎక్కడో ఒకటి ఉంటే దీన్ని కోండో ఎఫెక్ట్ అంటాం. చల్లబరుస్తుంటే బంగారం నిరోధం తగ్గి తగ్గి మళ్లీ పైకి లేవడం 1934లో లైడెన్‌లో చూశారు. ఎందుకో చెప్పడానికి 1964లో జున్ కోండో రావాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్లు!

ఇప్పుడు ఎక్కడో ఒకటి కాదు, స్ఫటికంలో ప్రతి గడిలోనూ ఒక సీరియం ఉందనుకోండి. అన్నీ వరుసగా, ఒకే ఎడంతో ఉంటాయి కాబట్టి ఆ కప్పడం కూడా అన్నిచోట్లా ఒకే లయలో జరుగుతుంది. అప్పుడు కదలని ఎఫ్ ఎలక్ట్రాన్ కూడా ప్రవాహంలో కలుస్తుంది. బ్యాండ్ అంటే ఎలక్ట్రాన్ శక్తి దాని తరంగ సంఖ్యతో (అలలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె) ఎలా మారుతుందో చూపే గీత. ఆ భాషలో చెప్పాలంటే ఒకటి నిటారుగా ఎక్కే గీత, రెండోది బల్లపరుపు గీత. రెండూ ఒకదాన్నొకటి దాటాల్సిన చోట దాటకుండా వంగి తప్పుకుంటాయి. ఆ వంపు దగ్గర బ్యాండ్ దాదాపు చదునుగా ఉంటుంది. బ్యాండ్ వాలే ఎలక్ట్రాన్ వేగం కాబట్టి, వాలు లేకపోతే వేగం లేదు. రాగిలో ఎలక్ట్రాన్లు సెకనుకి సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. వీటిలో కొన్ని కిలోమీటర్లే.

#3 అనుమానపు_పక్షి

అంటే బరువు అనేది కాగితం మీద సర్దుబాటు. లేని బరువుని ఫొటో ఎలా తీస్తారు మరి? నా అనుమానం నాది.

#4 సీరియం_58

పక్షిగారూ, కాగితం మీద సర్దుబాటు అయితే కేలరీమీటర్‌కి తెలియకూడదు కదా. 1975లో ఆండ్రెస్, గ్రేబ్నర్, ఆట్ అనే ముగ్గురు సీరియం-అల్యూమినియం 3 అనే సమ్మేళనం ఉష్ణ సామర్థ్యం కొలిచారు. లోహంలో ఎలక్ట్రాన్ల వంతు వేడి ఉష్ణోగ్రతతో పాటు సరళంగా పెరుగుతుంది. ఆ పెరుగుదల గుణకం రాగికి సుమారు 0.7 మిల్లీజౌళ్లు, మోల్‌కి, కెల్విన్ వర్గానికి. ఈ పదార్థానికి 1,620. రెండు వేల రెట్లు దాటిపోయింది. చదునైన బ్యాండ్‌లో కొద్దిపాటి శక్తి తేడాలోనే బోలెడు స్థితులు దొరుకుతాయి, అందుకే అంత వేడి తాగుతుంది.

వేడి వేరే కారణంతో కూడా పెరగొచ్చు అంటారేమో. 1988లో కేంబ్రిడ్జ్‌లో తైయ్‌ఫేర్, లోన్‌జారిచ్ యురేనియం-ప్లాటినం 3 లో డి హాస్-వాన్ ఆల్ఫెన్ డోలనాలు కొలిచారు. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ గుండ్రంగా తిరుగుతుంటే వచ్చే సంకేతం అది. దాన్నించి విడిగా ద్రవ్యరాశి తేలింది, నిజంగానే భారీ. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి.

ఇక ఫొటో సంగతి మైక్రోస్కోప్ వాళ్లు చెప్పాలి. గోడ దూకినాయన ఎక్కడున్నారో?

#5 గోడ_దూకినవాడు

వచ్చాను, వచ్చాను. నాలుగేళ్లు దాని పక్కనే బతికాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓర్చుకోండి.

ముందు ఆ పేరే మోసం. మైక్రోస్కోప్ అంటారు గానీ అందులో కటకం లేదు, కాంతి లేదు. చీకట్లో గోడని వేలితో తడుముకుంటూ పోవడం లాంటిది. సన్నగా చెక్కిన టంగ్‌స్టన్ తీగ మొనని స్ఫటికం ఉపరితలానికి కొన్ని యాంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి మీటర్‌లో వెయ్యి కోట్లవ వంతు) దూరం దాకా తెస్తాం. తాకదు. మధ్యలో శూన్యం. అయినా వోల్టేజ్ ఇస్తే ఎలక్ట్రాన్లు ఆ గోడని "దూకుతాయి", పికోయాంపియర్లలో కరెంటు వస్తుంది. నా పేరు అందుకే. దూరం ఒక్క యాంగ్‌స్ట్రామ్ మారితే కరెంటు సుమారు పదింతలు మారుతుంది. ఈ విపరీతమైన సున్నితత్వం వల్లే పరమాణువుల ఎత్తుపల్లాలు తెలుస్తాయి. 1981లో జ్యూరిక్ ఐబీఎంలో బిన్నిగ్, రోరర్ చేశారు, 1986లో నోబెల్.

దీంతో రెండు రకాల బొమ్మలు వస్తాయి. సెమినార్‌లో ఈ రెండూ కలిపేస్తే మాత్రం ప్రశ్నల వాన తప్పదు.

ఒకటి టోపోగ్రఫీ. కరెంటు మారకుండా మొనని పైకీ కిందికీ కదిలిస్తూ పోతాం, ఆ మొన నడిచిన దారే బొమ్మ. అందులో చుక్కలు దాదాపుగా పరమాణువులున్న చోట్లు. దాదాపుగా అన్నాను, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

రెండోది వేరు. మొనని ఒకచోట ఆపి, దూరం సరిచేసే సర్క్యూట్‌ని ఆపేసి, వోల్టేజ్‌ని కొద్దికొద్దిగా మారుస్తూ కరెంటు ఎలా మారుతోందో చూస్తాం. ఆ మార్పు రేటు, అంటే డిఫరెన్షియల్ కండక్టెన్స్, ఆ శక్తి దగ్గర ఆ చోట ఎలక్ట్రాన్‌కి ఎన్ని స్థితులున్నాయో చెబుతుంది. ఎన్ని కుర్చీలు వేసున్నాయో లెక్కపెట్టడం అనుకోండి, ఒక్కో శక్తి ఒక్కో అంతస్తు. తర్వాత మొనని పిసరంత జరిపి మళ్లీ అదే పని. ఇలా మొత్తం ఉపరితలం మీద చేస్తే ఒక్కో శక్తికి ఒక్కో పటం. మీరు చూసిన నీలం ఎరుపు బొమ్మలు ఇవే. వాటిలో చుక్క ఎలక్ట్రానూ కాదు, పరమాణువూ కాదు, "ఇక్కడ కుర్చీలు ఎక్కువ" అనే సమాచారం.

#6 పాత_రేడియో

రిటైరైన ఎలక్ట్రానిక్స్ వాణ్ణి, ఫిజిక్స్ తక్కువ. పికోయాంపియర్ల కరెంటులో మళ్లీ చిన్న మార్పు కొలవడం అంటే నాయిస్‌లో మునిగిపోదా బాబూ?

#7 గోడ_దూకినవాడు

మునిగిపోతుంది సార్. అందుకే లాక్-ఇన్ యాంప్లిఫయర్. వోల్టేజ్ మీద చిన్న ఏసీ అల కలిపి, అదే ఫ్రీక్వెన్సీలో తిరిగొచ్చే భాగాన్నే ఏరుకుంటాం. మీ రేడియో ఒక్క స్టేషన్‌ని పట్టినట్టే.

నాయిస్ కంటే పెద్ద శత్రువు వేడి. ఉష్ణోగ్రత వల్ల శక్తి కొలతలో వచ్చే మసక సుమారు మూడున్నర కేటీ (బోల్ట్జ్‌మన్ స్థిరాంకం ఇంటూ ఉష్ణోగ్రత). 4.2 కెల్విన్ దగ్గర అది 1.3 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్. భారీ ఎలక్ట్రాన్ల బ్యాండ్ మొత్తం వంపు తిరిగేదే ఆ కొన్ని మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో! సూపర్ కండక్టింగ్ గ్యాప్ (నిరోధం లేకుండా కరెంటు మోసే స్థితిలో, కుర్చీలే లేని శక్తుల మేర) అయితే ఇంకా చిన్నది. 0.3 కెల్విన్‌కి దిగితే మసక 0.09కి పడిపోతుంది. రాగి మీద పదిహేడేళ్ల ముందే చేసిన పని ఈ పదార్థాల మీద 2010 దాకా ఆగడానికి ఒక కారణం ఇదే.

#8 వెన్నెల్లో_పుస్తకం

కుర్చీల పోలికతో టోపోగ్రఫీకీ పటానికీ తేడా తెలిసింది, థాంక్స్ అన్నా. కానీ కుర్చీల లెక్కలో బరువు ఎక్కడుంది? బరువు తెలియాలంటే శక్తికీ తరంగ సంఖ్యకీ సంబంధం కావాలి కదా. మొన మాత్రం స్థానాన్నే చూస్తోంది.

#9 గోడ_దూకినవాడు

మంచి ప్రశ్న పట్టావు. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

నిశ్చలంగా ఉన్న చెరువులో అలలు పోతుంటే పైనించి చూసి తరంగదైర్ఘ్యం చెప్పడం కష్టం, అవి ఆగవు. చెరువులో ఒక గుంజ పాతి ఉంటే? అల దానికి కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది. వచ్చేదీ పోయేదీ కలిసి గుంజ చుట్టూ కదలని వలయాలు ఏర్పడతాయి. వాటి మధ్య దూరం కొలిస్తే అల సంగతి తెలిసిపోతుంది. స్ఫటికంలో గుంజ అంటే ఒక దోషం. ఒక పరమాణువు లేకపోవడమో, ఒకదాని చోట ఇంకొకటి దూరడమో. 1993లో క్రోమీ, లుట్జ్, ఐగ్లర్ రాగి ఉపరితలం మీద ఈ అలల్ని నేరుగా చూపించారు. 48 ఇనుప పరమాణువుల్ని వలయంగా పేర్చి లోపల అలల్ని బంధించిన బొమ్మ కూడా వాళ్లదే, చూసే ఉంటారు.

ఇప్పుడు ఒక్కో శక్తి దగ్గర పటం తీసి, దాన్ని ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేస్తే, అంటే బొమ్మలో ఏ ఎడంతో అలలున్నాయో లెక్కతో విడదీస్తే, ఆ శక్తిలో అలల తరంగ సంఖ్య బయటపడుతుంది. శక్తి మార్చు, మళ్లీ తీయి. ఈ రెండింటినీ గ్రాఫ్ గీస్తే అదే బ్యాండ్. తేలికపాటి ఎలక్ట్రాన్ అయితే శక్తి కాస్త మార్చినా అలల ఎడం పెద్దగా కదలదు. భారీ ఎలక్ట్రాన్ అయితే ఒక్క మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ జరిపేసరికి అలల ఎడం మొత్తం మారిపోతుంది. బరువు కనబడేది అక్కడ. ఏ ఒక్క బొమ్మలోనూ కాదు, పక్కపక్క శక్తుల బొమ్మలు ఎంత త్వరగా మారుతున్నాయన్న దాంట్లో. దీన్ని క్వాసీపార్టికల్ ఇంటర్‌ఫియరెన్స్ అంటారు.

దోషం లేని స్ఫటికం మాకు మూగది. అందుకే కొన్నిసార్లు కావాలనే ఒక శాతం తప్పుడు పరమాణువుల్ని కలిపిస్తాం.

ఇక తీరిక సంగతి. 256 అడ్డం, 256 నిలువు, అంటే 65,536 చోట్లు. ఒక్కోచోట మూడు సెకన్లు అనుకున్నా 54 గంటలు దాటుతుంది. అన్ని గంటలూ మొన ఒక్క పరమాణువు అంత కూడా పక్కకి జారకూడదు. నేను పనిచేసిన ల్యాబ్‌లో ఒకసారి 47వ గంటలో పై గదిలో ఎవరో బరువైన సిలిండర్‌ని నేల మీద ఈడ్చారు. మొన వెళ్లి శాంపిల్‌లో గుచ్చుకుంది. ఆ రోజు నేనేమీ మాట్లాడలేదు, ఇంటికెళ్లి పడుకున్నాను.

#10 కొలిమి

😂 సిలిండర్ ఈడ్చింది మా స్ఫటికాలు పెంచే బ్యాచ్ వాళ్లే అయ్యుంటారు, క్షమించండి.

మా వైపు నుంచి ఒక మాట. అంతా మొన గురించే మాట్లాడతారు గానీ స్ఫటికం బాగుంటేనే కదా బొమ్మ. సీరియం-కోబాల్ట్-ఇండియం 5 ని కరిగిన ఇండియంలోనే పెంచుతారు. అదే ద్రావకం, అదే ముడి సరుకు. యురేనియం-రుథీనియం-సిలికాన్‌ని ఆర్క్ కొలిమిలో కరిగించి మెల్లగా పైకి లాగుతారు. యురేనియం-టెల్లూరియం 2 ని మొదట్లో అయోడిన్ ఆవిరితో పెంచేవారు, అప్పుడది 1.6 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టర్. తర్వాత కరిగిన లవణాల్లో పెంచడం మొదలయ్యాక 2.1 దాకా ఎక్కింది. పదార్థం అదే, మారింది దాని శుభ్రత.

పెంచాక అతి శూన్యంలో, చల్లగా ఉండగానే విరగ్గొట్టాలి. గాలి తగిలితే పోయింది. ఎక్కడ విరుగుతుందో మన చేతిలో ఉండదు. ఒకసారి యురేనియం పొర పైకి వస్తుంది, ఇంకోసారి సిలికాన్ పొర.

#11 స్పిన్_కిందికి

కొలిమిగారు చివర్లో అన్నది చిన్న విషయం కాదు. థియరీ వైపు నుంచి అక్కడే హెచ్చరిక పెట్టాలి.

మొన నుంచి ఎలక్ట్రాన్ స్ఫటికంలోకి దూకడానికి రెండు దారులున్నాయి. పరుగెత్తే వాహక స్థితిలోకి నేరుగా దూకొచ్చు, లేదా ముడుచుకున్న ఎఫ్ స్థితిలోకి దూకొచ్చు. క్వాంటమ్ మెకానిక్స్‌లో రెండు దారులుంటే వాటి ఫలితాల్ని విడివిడిగా కూడడానికి లేదు, తరంగాలుగా కలిపి తర్వాత వర్గం చెయ్యాలి. దాంతో స్పెక్ట్రమ్‌లో, అంటే శక్తిని బట్టి కుర్చీల లెక్క గీసిన గ్రాఫ్‌లో, తిన్నని శిఖరం బదులు ఒకవైపు గుంట, ఒకవైపు మిట్టగా ఉండే వంకర ఆకారం వస్తుంది. 1961లో ఊగో ఫానో పూర్తిగా లెక్క కట్టింది దీన్నే. బంగారం మీద ఒంటరి కోబాల్ట్ పరమాణువు దగ్గర 1998లోనే ఈ ఆకారం టన్నెలింగ్‌లో కనిపించింది.

చిక్కేమిటంటే ఆకారం ఎటు వంగుతుందనేది పదార్థం మీదే కాదు, మొన ఏ దారిని ఇష్టపడుతుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఏ పొర పైకొచ్చింది, మొన ఏ పరమాణువు నెత్తిన ఉంది, అన్నీ లెక్కలోకి వస్తాయి. సీరియం-కోబాల్ట్-ఇండియం 5 లో ప్రిన్స్‌టన్‌లోని యజ్దానీ బృందం 2012లో సరిగ్గా దీన్నే చూసింది. అదే స్ఫటికం, ఒక ఉపరితలం మీద తేలికపాటి ఎలక్ట్రాన్లు ఎక్కువ కనబడతాయి, ఇంకోదాని మీద భారీవి. ఏది నిజం అంటే రెండూ నిజమే. గోడ దూకినాయన "దాదాపుగా" అన్నదానికి అర్థం ఇదే అనుకుంటా.

#12 గోడ_దూకినవాడు

అదే. ఇంకా మర్యాదగా చెప్పారు మీరు.

#13 అనుమానపు_పక్షి

ఇప్పుడు నా వంతు. ఉపరితలం మారితే బొమ్మ మారుతుందని మీరే ఒప్పుకున్నారు. మొన చూసేది పైపొరనే. భారీ ఎలక్ట్రాన్ల అసలు వ్యవహారం లోపల నడుస్తుంది. పైపొరలో పరమాణువుకి సగం పొరుగువాళ్లు ఉండరు. మరి పైన చూసింది లోపల కూడా ఉందని ఎలా అంటారు?

ఉదాహరణ నేనే ఇస్తాను. యురేనియం-టెల్లూరియం 2 లో ఉపరితలం మీద ఛార్జ్ సాంద్రత అల (ఛార్జ్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా వరుసలో పేరుకోవడం) కనబడిందని, దాంతో పాటే సూపర్ కండక్టింగ్ జంటల (జంటకట్టి కరెంటు మోసే ఎలక్ట్రాన్ల) సాంద్రత కూడా అలలా హెచ్చుతగ్గులు అవుతోందని 2023లో నేచర్‌లో రెండు పేపర్లు వచ్చాయి. బ్రహ్మాండం. ఆ తర్వాత ఎక్స్‌రేలతో లోపల వెతికితే ఆ ఛార్జ్ అల జాడే లేదు. ఇప్పుడేమంటారు?

#14 సీరియం_58

పక్షిగారు ఈసారి గట్టిగా పట్టుకున్నారు 🙂

#15 గోడ_దూకినవాడు

కాదనను. ఆ ఛార్జ్ అల ఉపరితలానికే పరిమితం అని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు, నేనూ అటే. అయితే కొలత తప్పు కాదు, దాన్ని లోపలికి లాగిన వాదన బలహీనం. ఈ రెండూ వేరు. పైగా ఆ ప్రయోగంలో చేసిన ఒక ఎత్తు చెప్పకుండా ఉండలేను. టంగ్‌స్టన్ మొన బదులు నయోబియం మొన వాడారు. నయోబియం కూడా సూపర్ కండక్టర్, దాని స్పెక్ట్రమ్‌లో అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి. ఆ పదునుతో పైన చెప్పిన వేడి మసకని దాటి చూశారు.

లోపల విషయమే అని నమ్మడానికి నాకున్న గీటురాయి ఒకటే: బల్క్ కొలతల్లో, అంటే స్ఫటికం మొత్తాన్ని కొలిచేవాటిలో, ఏ ఉష్ణోగ్రత దగ్గర మార్పు వస్తుందో, మొన కింద కూడా సరిగ్గా అక్కడే రావాలి. యూఆర్‌ఎస్‌లో అది వచ్చింది. యురేనియం-రుథీనియం-సిలికాన్‌ని అందరూ అలాగే పిలుస్తారు.

#16 వెన్నెల్లో_పుస్తకం

యూఆర్‌ఎస్ అంటే "హిడెన్ ఆర్డర్" అదేనా? నా సెమినార్‌లో రెండు స్లైడ్లు దాని మీదే, రెండూ ఖాళీగా ఉన్నాయి.

#17 స్పిన్_కిందికి

అదే. 1985 నుంచి మా వాళ్ల పరువు తీస్తున్న పదార్థం.

17.5 కెల్విన్ దగ్గర దాని ఉష్ణ సామర్థ్యంలో పెద్ద దూకుడు వస్తుంది. అంటే లోపల ఏదో క్రమం ఏర్పడింది. అయస్కాంత క్రమం అయ్యుంటుందని న్యూట్రాన్లతో చూస్తే యురేనియం పరమాణువుకి దొరికింది 0.03 బోర్ మాగ్నెటాన్ (పరమాణు అయస్కాంతాల్ని కొలిచే ప్రమాణం). అంత పెద్ద దూకుడుకి ఇంత చిన్న అయస్కాంతం ఏ మూలకీ చాలదు. ఏదో క్రమంలోకి వచ్చింది, ఏది వచ్చిందో తెలియదు. దాగుడుమూతల క్రమం. దీని మీద వచ్చినన్ని థియరీలు నాకు తెలిసి ఇంకే లోహం మీదా రాలేదు, అందులో ఒకటి మా గైడ్‌ది, దాని గురించి మాట్లాడను.

2010లో రెండు బృందాలు దీని మీద మొన పెట్టాయి. సీమస్ డేవిస్ బృందం ఒకటి, యజ్దానీ బృందం ఒకటి. 17.5 పైన స్పెక్ట్రమ్ అంతటా ఫానో ఆకారం, అదీ పరమాణువుల వరుసలో మళ్లీ మళ్లీ, ఒక జాలీలా. దిగువకి రాగానే అందులో కొన్ని మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల గ్యాప్ తెరుచుకుంటుంది. డేవిస్ వాళ్లు అలల్ని కూడా చదివారు: పైన ఒకే తేలికపాటి బ్యాండ్, కిందకి వచ్చాక అది రెండు భారీ బ్యాండ్‌లుగా చీలింది. కోండో కప్పడం మెల్లగా, పదుల కెల్విన్‌ల మీద నడిచే వ్యవహారం. ఈ చీలిక మాత్రం ఆ 17.5 దగ్గరే మొదలైంది. పక్షిగారి అనుమానానికి అక్కడ సమాధానం ఉంది.

కానీ ఏ సౌష్ఠవం విరిగింది అన్న అసలు ప్రశ్నకి బ్యాండ్ చీలిక ఒక్కటే జవాబు చెప్పలేదు. ఇల్లు మారారని తెలిసింది, ఎందుకు మారారో తెలియలేదు. స్లైడ్‌లో ఇది దాచొద్దు.

#18 సీరియం_58

ఆ పదార్థంలోనే తర్వాతి ఏడాది వచ్చిన కోండో హోల్ పని కూడా చేర్చుకోండి, నాకు దానిమీద కొంచెం పక్షపాతం ఉంది. ఒక శాతం యురేనియం బదులు థోరియం పెట్టారు. థోరియంకి 5ఎఫ్ ఎలక్ట్రాన్లు లేవు. అంటే కోండో జాలీలో అక్కడొక చిల్లు. ఆ చిల్లు చుట్టూ ఎఫ్ ఎలక్ట్రాన్లకీ వాహక ఎలక్ట్రాన్లకీ మధ్య ఉన్న కలయిక బలమే అలలా ఎక్కుతూ తగ్గుతూ కనిపించింది. ఎక్కడ ఒక పరమాణువు లోపించిందో అక్కణ్ణించి నానోమీటర్ల దూరం దాకా అలజడి. విద్యుత్ నిరోధం కొలిస్తే ఇలాంటిది సగటులో కలిసిపోతుంది.

#19 మోడరేటర్_2

"క్వాంటమ్ శక్తితో ఆరోగ్యం" అంటూ వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. ఎలక్ట్రాన్ బరువు తగ్గించుకునే చిట్కాలు ఈ విభాగంలో దొరకవు. కొనసాగించండి.

#20 కొలిమి

😂😂

#21 వెన్నెల్లో_పుస్తకం

ఇంత చల్లగా దిగడం ఎందుకు, సూపర్ కండక్టివిటీ కోసమేనా? బీసీఎస్ (ఎలక్ట్రాన్లు జంటకట్టడం వల్లే సూపర్ కండక్టివిటీ వస్తుందనే సిద్ధాంతం) ప్రకారం అయస్కాంత పరమాణువులు జంటల్ని విడగొట్టాలి కదా. సీరియం నిండా ఉన్న పదార్థంలో సూపర్ కండక్టివిటీ ఎలా?

#22 సీరియం_58

1979లో ఫ్రాంక్ స్టెగ్లిష్ సీరియం-కాపర్-సిలికాన్‌లో సూపర్ కండక్టివిటీ కనిపెట్టినప్పుడు చాలామంది అడిగింది ఇదే. ఆయన చూపించిందేమిటంటే ఉష్ణ సామర్థ్యంలో వచ్చే దూకుడు ఆ భారీ ఎలక్ట్రాన్ల స్థాయిలోనే ఉంది. అంటే జంటకట్టినవి వేరే ఏవో తేలికపాటి ఎలక్ట్రాన్లు కాదు, ఆ భారీవే. అయస్కాంతత్వం శత్రువు కాదు, బహుశా జంటలు కలిపిన పెళ్లిపెద్ద అదే అని తర్వాతి దశాబ్దాల్లో ఒప్పుకోవాల్సి వచ్చింది.

అదే నిజమైతే గ్యాప్ అన్ని దిశల్లో సమానంగా ఉండకూడదు, కొన్ని దిశల్లో సున్నా కావాలి. సీరియం-కోబాల్ట్-ఇండియం 5 దీనికి సరైన పరీక్ష. 2001లో దొరికింది, 2.3 కెల్విన్, ఈ జాతిలో అది ఎక్కువే. 2013లో నేచర్ ఫిజిక్స్‌లో డేవిస్, యజ్దానీ బృందాలే మళ్లీ దీన్ని అర కెల్విన్ కంటే దిగువన చూశాయి. అలల బొమ్మలు శక్తితో మారే తీరుని బట్టి గ్యాప్ ఏ దిశలో ఎంతో తేల్చారు. గరిష్ఠం అర మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ చుట్టుపక్కల, దానికి 45 డిగ్రీల్లో సున్నా. నాలుగు రేకుల డి-వేవ్. రాగి ఆక్సైడ్ సూపర్ కండక్టర్లలో ఉన్న ఆకారమే.

#23 స్పిన్_కిందికి

ఒక చిన్న వార్త, ఎక్కువ చెప్పను. ఇప్పుడు సీరియం, యురేనియం లాంటి మూలకాలు లేకుండానే ఇదంతా కడుతున్నారు. 2021లో ఫిన్లాండ్ ఆల్టో యూనివర్సిటీ వాళ్లు టాంటలం డైసల్ఫైడ్‌లో రెండు రకాల ఒంటి పొరల్ని ఒకదాని మీద ఒకటి పెట్టారు. ఒక పొరలో ఎలక్ట్రాన్లు నక్షత్రాకారపు గుంపుల్లో ఇరుక్కుని ఎఫ్ ఎలక్ట్రాన్ల పాత్ర వేస్తాయి, రెండో పొర లోహం. మొన కింద కోండో శిఖరం (ఆ కప్పడం వల్ల స్పెక్ట్రమ్‌లో వచ్చే శిఖరం) మధ్యలో చీలి కనిపించింది. పైపొరా లోపొరా అనే గొడవ ఇక్కడ లేదు, ఉన్నదే రెండు పొరలు. పక్షిగారికి ఇది నచ్చాలి.

#24 అనుమానపు_పక్షి

నచ్చింది. రాసిపెట్టుకున్నాను కూడా. ఎవరికీ చెప్పకండి.

#25 వెన్నెల్లో_పుస్తకం

రాత్రంతా కూర్చుని ఒక అభ్యాసం చేశాను. నిజమైన డేటా కాదు, నేనే అంకెలు పెట్టుకున్నాను. బ్యాండ్ అడుగు నుంచి 1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ పైకి వచ్చేసరికి ఫూరియర్ పటంలో మచ్చ 0.2 ప్రతి యాంగ్‌స్ట్రామ్ దగ్గర ఉందనుకున్నా. స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌కి హెచ్‌బార్ (ప్లాంక్ స్థిరాంకం బై రెండు పై) వర్గం బై రెండు ఎమ్ (ఎమ్ అంటే ద్రవ్యరాశి) విలువ 3.81 ఎలక్ట్రాన్ వోల్ట్-యాంగ్‌స్ట్రామ్ వర్గం. కాబట్టి 3.81 ఇంటూ 0.04, బై 0.001. వచ్చింది 152. అంటే నా ఎలక్ట్రాన్ 152 రెట్లు భారీ! సరిపోయిందా?

#26 గోడ_దూకినవాడు

పద్ధతి బాగుంది, జవాబు నాలుగింతలు ఎక్కువ. పటంలో కనబడే మచ్చ ఎలక్ట్రాన్ తరంగ సంఖ్య కాదు, అది గుంజకి కొట్టుకుని తిరిగినప్పుడు వచ్చిన తేడా. ముందుకి కె తో వెళ్లి వెనక్కి మైనస్ కె తో వస్తే తేడా రెండు కె. నీ 0.2 లో సగం, 0.1 తీసుకో. వర్గం 0.01. జవాబు 38.

ఇంకోటి. గీతలు వంగి తప్పుకునే చోట బ్యాండ్ పారాబోలాలా ఉండదు. అడుగు నుంచి కాకుండా, నీకు కావాల్సిన శక్తి దగ్గర వాలు తీసి లెక్క కట్టు.

#27 వెన్నెల్లో_పుస్తకం

అయ్యో, నాలుగో వంతుకి పడిపోయింది. తేడా రెండు కె అనేది లెక్కలో ఒప్పుకుంటున్నా, కానీ బొమ్మలో ఎలా ఊహించుకోవాలి? ఎలక్ట్రాన్ అల పొడవు ఒకటైతే, నాకు కనబడే అలల ఎడం దానిలో సగం ఎందుకవుతుంది?

#28 పాత_రేడియో

ఇది నాకు తెలుసు! కేబుల్ చివర సరిగ్గా మ్యాచ్ చెయ్యకపోతే సిగ్నల్ వెనక్కి కొట్టి నిలువు తరంగం వస్తుంది. మీటర్ పెట్టుకుని కేబుల్ వెంట నడిస్తే ప్రతి సగం తరంగదైర్ఘ్యానికీ ఒక గరిష్ఠం తగులుతుంది, పూర్తి తరంగదైర్ఘ్యానికి కాదు. మీటర్‌కి ప్లస్ శిఖరమైనా మైనస్ శిఖరమైనా ఒకటే, పరిమాణం చూస్తుంది అంతే. మీ మొన కూడా వర్గాన్నే చూస్తుంది కదా?

#29 గోడ_దూకినవాడు

సార్, నాలుగేళ్లలో నేను ఎవరికీ ఇంత సులువుగా చెప్పలేకపోయాను.

#30 వెన్నెల్లో_పుస్తకం

కేబుల్ బొమ్మ స్లైడ్‌లో పెట్టేశాను. 38 కూడా మార్చాను. కింద "సౌజన్యం" అని ఎవరి పేరు రాయమంటారు సార్?

#31 పాత_రేడియో

పాత రేడియో అనే రాయమ్మా. ఎవరైనా అడిగితే ఇంకా పనిచేస్తోందని చెప్పు.